జ్వరమొచ్చిన పిల్లని పంపను

మా అమ్మ ఉయ్యూరు పక్క పల్లెలో చెరుకు నరికే కూలికి వెళ్ళేది. ఒళ్ళు కాలుతున్నా నన్ను బడి మాననిచ్చేది కాదు. "బళ్ళో కూర్చుంటే అదే పోద్ది, ఇంట్లో పడుకుంటే మంచం పట్టుద్ది" అనేది. మా పేటలో నాలుగు రోజులు బడి మానిన ఆడపిల్ల ఐదో రోజు పొలంలో కనపడేది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకే నా హాజరు ఆమెకు పంతం. ఆ పంతం వల్లే నేను ట్రైనింగు పూర్తిచేసి పటమటలో ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచరునయ్యాను. ఆమెను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆమెకు వేరే దారి లేదు. నాకు ఉంది. ఉండి కూడా ఆమె పద్ధతినే నా కూతురి మీద రుద్దాను.

డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. మా ఆయన ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా. చెరుకు ఆడే సీజన్లో తెల్లవారకముందే మొదటి బస్సుకు వెళ్ళిపోయేవారు. వంట చేసుకుని, పిల్లకు జడలేసి, ఇద్దరం కలిసి బడికి నడిచేవాళ్ళం. నేను మూడో తరగతి చెప్పేదాన్ని. అమ్మాయి అదే బడిలో రెండో తరగతి.

ఆ జనవరిలో ఒక పొద్దున అది కళ్ళు ఎర్రగా చేసుకుని లేచింది. కళ్ళ వెంట, ముక్కు వెంట నీళ్ళు. "అమ్మా, ఇవాళ వద్దమ్మా" అంది. నుదుటి మీద చెయ్యి పెట్టాను. కాలుతోంది. చెయ్యి చెప్పింది నాకు అర్థమైంది. కానీ నాకు మిగిలిన సెలవులు రెండే. పైగా మా హెడ్మిస్ట్రెస్ గారికి టీచర్లు పిల్లల పేరు చెప్పి సెలవు పెట్టడం ఇష్టముండదు. "మనమే మానేస్తే ఊళ్ళోవాళ్ళకి ఏం చెబుతామండీ?" అనేవారు. సగం మాత్ర పొడిచేసి తేనెలో కలిపి నాకించాను. "ప్రార్థన అయ్యేసరికి తగ్గిపోద్దిలే" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను.

మధ్యాహ్నం రెండో తరగతి టీచరు నా గుమ్మం దగ్గరికి వచ్చింది. "మీ అమ్మాయి బల్ల మీద తల వాల్చేసిందండీ" అంది.

"పడుకోనివ్వండి. నాలుగింటికి తీసుకెళ్తాను" అన్నాను.

మర్నాడు కూడా పంపాను. మూడోనాటికి చెవుల వెనక నుంచి మొహమంతా ఎర్రగా పేలింది. తట్టు.

అమ్మాయి వారంలో లేచి తిరిగింది. రెండు వారాలు తిరిగేసరికి దాని తరగతిలో తొమ్మిదిమందికి తట్టు పోసింది. దాని పక్కన కూర్చునే పిల్లకి అందరికంటే ఎక్కువగా వచ్చింది. కాలవగట్టు మీద గుడిసెలో ఉండే రిక్షా అతని కూతురు. ఇద్దరూ ఒకే బలపం విరుచుకుని రాసుకునేవాళ్ళు. ఆ పిల్ల రొమ్ము పట్టేసి, చెవిలో చీము దిగి, పదిహేను రోజులు పెద్దాసుపత్రిలో ఉంది. బతికింది. ఎడమ చెవి వినికిడి మాత్రం పోయింది. బడికి తిరిగొచ్చాక పేరు పెట్టి పిలిస్తే, పిలిచినవాళ్ళు ఎటున్నారో తెలియక అటూ ఇటూ చూసేది.

"ఊళ్ళో అప్పటికే తట్టుందిగా. మీ అమ్మాయి వల్లే అని ఎవరన్నారు?" అని తోటి టీచర్లు సర్దిచెప్పబోయారు. నా మనసు ఒప్పుకోలేదు. ఒక ఆదివారం, చర్చి అయ్యాక, కాలవగట్టుకి వెళ్ళాను. ఆ పిల్ల తల్లి పీట వేసి కూర్చోమంది.

"అమ్మవారు పోసిందండీ టీచరమ్మగారూ. ఎవరి రాత వాళ్ళదండీ" అంది.

"అమ్మవారు కాదమ్మా. మా అమ్మాయికి జ్వరమని తెలిసే పంపాను. మీ పిల్ల దాని పక్కనే కూర్చుంది" అన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. పోనీలెండి అని కూడా అనలేదు. "తెలిసీ ఎందుకు పంపారండీ?" అని అడిగింది.

సెలవుల మాటా, హెడ్మిస్ట్రెస్ మాటా ఆ గుడిసెలో చెప్పగలిగేవి కావు. తల దించుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఈ విషయంలో ఇంకెవరి ముందూ తల దించలేదు.

ఇంటికొచ్చి నాకు నేను ఒక కట్టడి పెట్టుకున్నాను. ఒళ్ళు వెచ్చగా ఉంటే బడి లేదు. జ్వరం దిగాక కూడా, మాత్ర వెయ్యకుండా ఒక పగలూ ఒక రాత్రీ గడిస్తేనే బడి. వాంతులైనా, ఒంటి మీద పేలినా, కళ్ళు పుసులు కట్టినా బడి లేదు. ఉత్త జలుబుకి మాత్రం మానడానికి వీల్లేదు. నా కూతురికి పెట్టిన ఈ కట్టడే నా తరగతికీ పెట్టాను. రోజూ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి నుదురూ ముట్టుకుని లోపలికి పంపేదాన్ని. పిల్లలకి అదొక ఆటైపోయింది. నుదురు ముందుకు చాపుకుని వరసగా వచ్చేవాళ్ళు.

ఇంట్లో ఉంచమనడం ఒక్కటే కాదు, ఉంచవద్దని పోట్లాడిన రోజులూ ఉన్నాయి. ఒకాయన కూతుర్ని ఐదు రోజులు పంపలేదు. అడిగితే జలుబన్నాడు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని అంట్లు తోముతోంది.

"జలుబన్నారు. ముక్కు శుభ్రంగానే ఉందిగా?" అన్నాను.

"చంటోణ్ణి చూసేవాళ్ళు లేరండీ" అని నసిగాడు.

"రేపు రాకపోతే నేనే మూడో తరగతిని తీసుకొచ్చి మీ వాకిట్లో కూర్చోబెడతాను. మంచినీళ్ళు మీరే పొయ్యాలి నలభైమందికి."

మర్నాడు పిల్ల వచ్చింది. ఆ వారం మా అమ్మ పదేపదే గుర్తొచ్చింది.

మరుసటి ఏడు గవదలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్షన్ కూడా వచ్చిపడింది. హెడ్మిస్ట్రెస్ గారు మమ్మల్నందర్నీ పిలిచి, "ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఒక్క పిల్ల మానడానికి వీల్లేదు. స్ట్రెంగ్త్ తగ్గితే మూడో తరగతిలో ఒక సెక్షను ఎత్తేస్తారు. ఒక పోస్టు పోతుంది" అన్నారు. నావైపు చూసి, "అది మీదే కావచ్చు" అని కూడా అన్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆ బడిని ఇద్దరు టీచర్లతో మొదలుపెట్టి అంతదాకా తెచ్చిన మనిషి. ఆవిడ భయం నిజమైనదే.

ఇన్‌స్పెక్షన్‌కి రెండు రోజుల ముందు మా అమ్మాయి దవడ కింద వాపుతో లేచింది. మా ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నారు.

"ఇవాళ మీరు ఉండండి" అన్నాను.

"నేనా? ఫ్యాక్టరీలో ఏం చెప్పను?"

"పిల్లకి బాగోలేదని చెప్పండి. అబద్ధం కాదుగా."

"ఆ మాటకి సెలవు పెట్టిన మగాడు మా ఆఫీసులో ఎవడూ లేడు."

"అయితే మీరే మొదలవుతారు."

ఆయన చొక్కా విప్పి వంకీకి తగిలించారు. నాలుగు రోజులు ఇంట్లో ఉండి జావ కాచింది ఆయనే. ఉప్పు ఎక్కువైందని అమ్మాయి ఇప్పటికీ అంటుంది.

ఆరోజు గుమ్మంలో నుదుళ్ళతో పాటు దవడలు కూడా తడిమాను. ఏడుగురికి వాపు తెలిసింది. ఎవరి పిల్లని వాళ్ళకి కబురంపి అప్పజెప్పాను. రిజిస్టరులో ఎర్ర సిరాతో ఏడు గైర్హాజర్లు వేశాను. మర్నాటికి అవి పదకొండయ్యాయి. హెడ్మిస్ట్రెస్ గారు రిజిస్టరు తీసుకుని నా గదిలోకి వచ్చారు.

"ఎవర్ని అడిగి పంపారు?"

"ఎవర్నీ అడగలేదండీ."

"రేపటికి పిలిపించండి. ఒక్క పూట కూర్చుంటే ఏమైపోతుంది?"

"పోయినేడు నేనూ అలాగే అనుకున్నానండీ" అని, వరండాలో ఆడుకుంటున్న కాలవగట్టు పిల్ల వైపు చూపించాను. "పిలిపించను."

"మెమో ఇవ్వాల్సి వస్తుంది."

"ఇవ్వండి."

ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన రోజు నా తరగతిలో మూడు బల్లలు ఖాళీ. "వీళ్ళంతా ఏరీ?" అని అడిగారు. హెడ్మిస్ట్రెస్ గారు నావైపు చూశారు.

"గవదలండీ. నేనే ఇంటికి పంపాను" అన్నాను.

"మీరు డాక్టరా?"

"కాదండీ, టీచర్ని. రోజూ వాళ్ళ మొహాలు చూసేదాన్ని."

ఆయన ఉన్న పిల్లల చేత ఎక్కాలు చెప్పించుకుని, ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. ఆ ఏడు సెక్షను పోలేదు. అది నా మాట వల్లనని నేననను. మా బడిలో గవదలు పక్క తరగతులకి కూడా పాకాయి. నేనొక్కదాన్నీ ఆపగలిగింది కాదు. మా తరగతిలో మాత్రం పదకొండుమంది దగ్గరే ఆగింది.

మెమో వచ్చింది. అనుమతి లేకుండా విద్యార్థులను ఇళ్ళకు పంపినందుకు సంజాయిషీ ఇవ్వాలని. "పంపిన మాట నిజం. అవసరమైతే మళ్ళీ పంపుతాను" అని రాసి ఇచ్చాను. హెడ్మిస్ట్రెస్ గారు చదివి కళ్ళజోడు తీశారు.

"చివర క్షమించగలరు అని ఒక్క మాట చేర్చమ్మా. లేకపోతే నీ ఫైల్లో ఇలాగే పడి ఉంటుంది" అన్నారు. అంతకుముందు ఎప్పుడూ నన్ను నువ్వు అనలేదు ఆవిడ.

"ఉండనివ్వండి" అన్నాను.

జూన్‌లో బడి తెరిచాక నన్ను ఒకటో తరగతికి మార్చారు. డెబ్బైమంది పిల్లలు, వానొస్తే కారే గది. శిక్ష అని అందరికీ తెలుసు. మొదటి వారంలోనే ముగ్గుర్ని జ్వరమని ఇంటికి పంపాను. ఈసారి మెమో రాలేదు.