భూమయ్యకు ‘ఖలాస్’ అన్నారు

ఒమాన్‌లోని ఇబ్రిలో మా కంపెనీ తరఫున ఖర్జూర చెట్లెక్కి మట్టలు నరికే భూమయ్యన్నకు మాట పూర్తిగా వినే ఓపిక ఈ జన్మలో రాదు. ఊళ్లో కల్లు గీసిన మనిషి, చెట్టెక్కడం అతనికి ఒక లెక్క కాదు. అయినా ఇక్కడ ఏటేటా ఆ పనికి లైసెన్సు రెన్యువల్ చేయించాలి. ఫీజు కంపెనీ కడుతుంది. డాక్టరు చీటీ తెచ్చి, ఆఫీసరు ఎదుట చెట్టెక్కి చూపాలి. పాస్ కాలేదో, వీసా రద్దు, ఇంటిదారే.

ఈసారి ఆఫీసరు చూస్తుండగానే అతని కాలు జారింది. నడుముకున్న బెల్టు ఆపింది గానీ, లేకుంటే కింద నిలబడ్డ నా మీదే పడేవాడు. దిగాక ఆఫీసరు కంప్యూటర్లో ఏదో కొట్టి, చేతులు దులుపుకుని "ఖలాస్" అన్నాడు.

భూమయ్యన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా కంపెనీ వ్యాన్‌లో కూలబడి, "అంజీ, నా కత ఖతమన్నడు" అన్నాడు.

"ఆగన్నా, లోపలికి వోయి అడిగొస్త" అంటుండగానే ఊళ్లో ఉన్న భార్యకు స్పీకర్లో ఫోన్ కలిపేశాడు.

"యాదవ్వా, లైసెన్సు పోయిందే. ఇంటికి తోలుతరు" అని వలవలా ఏడ్చాడు.

అవతల కూడా ఏడుపే వినబడుతుందనుకున్నాను.

"నిజమేనా? ఒట్టు వెట్టు!" అంది యాదవ్వ. "మంచిగైంది, పీడ వోయింది! నువ్వు చెట్టు మీదుంటే నాకు ముద్ద దిగుతదా? కూలన్న జేస్కొని బతుకుదం, రా!"

ఇద్దరం బిత్తరపోయాం. ఇన్నేళ్లలో ఆమె ఈ మాట ఒక్కసారీ అనలేదట. ఎదురింటివాళ్లను పిలిచి చెబుతున్న కేకలు వినబడుతుండగానే ఫోన్ కట్టయింది.

అప్పుడొచ్చాడు మా సూపర్వైజర్ ఫక్రుద్దీన్, కొత్త లైసెన్సు కార్డు ఊపుకుంటూ.

"క్యా భూమయ్యా, కార్డు తీస్కోకుండనే పోతున్నవ్? రెన్యువల్ అయింది గదా!"

"ఖలాస్ అన్నడు గద సాబ్!"

"అరే, ఖలాస్ అంటే పని అయిపోయింది, ఇగ పో అని! బెల్టు సరిగ్గ వెట్టుకున్నవని పాస్ జేసిండు."

నాకు ఒళ్లు మండింది. "ఒక్క నిమిషం ఆగితే నీ సొమ్మేం పోయేదన్నా?" అని అరిచాను. అతను వినలేదు. కార్డును అటూ ఇటూ తిప్పుతూ, "ఇప్పుడు యాదవ్వకేం జెప్పాలె?" అన్నాడు. కళ్లలో మళ్లీ నీళ్లు.

ఫోన్ మోగింది. యాదవ్వే. భూమయ్యన్న దాన్ని నా చేతిలో పెట్టి, ముఖం అటు తిప్పుకున్నాడు.

"వదినా..." అన్నాను. నా కోపం ఎటు పోయిందో.

"టికెట్ జేసిన్రా, అంజీ?" అని అడిగింది.