విసనకర్ర

నాంపల్లి స్టేషన్ దగ్గర కబాబ్ బండి పెట్టిన నాటి నుంచీ సీకులు తిప్పేది సదాశివ, బొగ్గుల మీద విసనకర్రతో విసిరేది అతని భార్య సౌభాగ్య. పొగకు ఆమెకు దగ్గు పట్టుకుంది. మొండివాడని బజారంతా పేరున్న సదాశివ, ఆమెను దవాఖానకు తీసుకెళ్లిన మర్నాడే గ్యాస్ పొయ్యి తెచ్చాడు.

"బొగ్గుల మీద కాల్చిన రుచి ఏది, అన్నా?" అని పాత గిరాకీలు అడిగితే, "గది గావాల్నంటే వేరే బండి చూస్కోరి" అని కసిరాడు.

సౌభాగ్యను ఇంట్లోనే ఉండమన్నాడు. సాయంత్రానికల్లా ఆమె విసనకర్రతో సహా వచ్చి తన స్టూలు మీద కూర్చుంది.

"గ్యాస్‌కు విసురుతవా ఏంది? ఆరిపోతది!"

"పొయ్యికి ఎవలు విసురుతున్నరు?" అంటూ ఆమె, చెమట కారుతున్న అతని మెడవైపు విసనకర్ర తిప్పింది. "ఇన్నేండ్లు బొగ్గులకే విసిరిన. ఇగ జర నీకు విసరనియ్యి."