తనిఖీ రోజు

యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో ఆవిడని అందరూ కత్తెరక్క అంటారు. అరవై పొరల గుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి, సుద్దగీత మీంచి వెంట్రుకవాసి పక్కకి పోకుండా కరెంటు కత్తితో కోసేస్తుంది. బడిపిల్లల చొక్కాలు, ఆస్పత్రి ఆయాల కోట్లు, వాచ్‌మన్ల ప్యాంట్లు, ఊళ్ళో సగంమంది ఒంటిమీది బట్ట ఆవిడ బల్ల మీదుగా వెళ్ళిందే. కాలరు వంకర తిరిగితే యజమాని మిషన్లు తొక్కేవాళ్ళని తిడతాడు గానీ ఆవిడ జోలికి రాడు.

అలాంటి మనిషికి ఇంట్లో మాత్రం ఏదీ గీత మీద నడవదు. ఆవిడ భర్త సైన్యంలో లారీ నడిపేవాడు. పదకొండేళ్ళ కిందట కొండదారిలో లారీ దొర్లింది. ప్రాణం దక్కింది గానీ తలకి తగిలిన దెబ్బ మనిషిని వదల్లేదు. కుడిచెయ్యీ, కుడికాలూ సగమే మాట వింటాయి. ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి నిలబడ్డచోటే పడిపోతాడు. పొయ్యి వెలిగించి, ఎందుకు వెలిగించాడో మరిచిపోయి వచ్చి పడుకుంటాడు. పైకి చూస్తే మాత్రం నిక్షేపంలా ఉంటాడు. వచ్చిన చిక్కంతా అదే.

మాజీ సైనికుల సంక్షేమ ఆఫీసువాళ్ళు పగటిపూట ఆయన దగ్గర ఉండడానికి ఒక సహాయకుణ్ణి పంపేవాళ్ళు. యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళు ఆస్పత్రి వార్డుల్లో రోగుల్ని లేపి కూర్చోబెట్టి వచ్చినవాడు. నోరు తెరిస్తే "మెల్లగా సార్, మెల్లగా" అంటాడు గనక అతని పేరే మెల్లగా అయి కూర్చుంది. పొద్దున ఎనిమిదింటికి మెల్లగా లోపలికి వస్తే కత్తెరక్క బయటికి వెళ్ళేది. అతను రాని రోజు ఆవిడకి పని లేదు. పిల్లలు లేరు, పిలిస్తే పలికే చుట్టాలూ దగ్గర్లో లేరు. పింఛను మందులకీ అద్దెకీ సరిపోతే, తిండికి ఆవిడ సంపాదనే దిక్కు.

పోయిన ఏడాది మొదట్లో పైవాళ్ళకి కొత్త బుద్ధి పుట్టింది. సహాయకుడు ఉన్న ప్రతి ఇంటికీ ఒక అధికారి వెళ్ళి చూడాలట. మంచం మీంచి లేవడం, చొక్కా తొడుక్కోవడం, భోంచెయ్యడం, బాత్రూముకి వెళ్ళిరావడం, ఈ గదిలోంచి ఆ గదిలోకి నడవడం, ఈ ఐదు పనులూ మనిషి సొంతంగా చేసుకోగలిగితే సహాయకుణ్ణి తీసేస్తారట. చల్లటి గదిలో కూర్చున్న మహానుభావుడెవరో చేతికి ఐదు వేళ్ళున్నాయి కదా అని ఐదుతో సరిపెట్టినట్టున్నాడు. పడిపోవడం ఆ లెక్కలో లేదు. పొయ్యి సంగతి అసలే లేదు.

ఆ ఉత్తరం వచ్చినప్పుడు కత్తెరక్క ఒక పొరపాటు చేసింది. ఆయనకి వచ్చిన ఉత్తరాలన్నీ చదివి వినిపించినట్టే దాన్నీ వినిపించింది. "శుక్రవారం పదిగంటలకి తనిఖీ అట" అంది. ఆ ఒక్కముక్కా మింగేసి, డాక్టరు వస్తున్నాడని చెప్పి ఉంటే సరిపోయేది. ఇరవై ఏళ్ళు సైన్యంలో ఉన్న మనిషికి తనిఖీ అంటే ఏమిటో ఆవిడ ఆలోచించలేదు. ఆ రోజు జ్వరంతో కాలిపోతున్నా వరసలో నిటారుగా నిలబడాలి. అధికారి అడిగితే అంతా బాగుందని చెప్పాలి. ఒంట్లో బాలేదన్నవాణ్ణి పక్కవాళ్ళు పని దొంగ కింద లెక్కగట్టేవాళ్ళు.

శుక్రవారం ఆయన అయిదింటికే లేచి కూర్చున్నాడు. ఎనిమిదింటికి మెల్లగా రాగానే గడ్డం గీయమన్నాడు. "ఇవాళ వద్దులే అన్నా" అని కత్తెరక్క మెల్లగాకి కనుసైగ చేసింది. "సార్ అడుగుతుంటే ఎలాగమ్మా?" అని నసుగుతూనే అతను గీసేశాడు. గీశాక మనిషి పదేళ్ళు చిన్నవాడైపోయాడు.

వచ్చిన అధికారి నలభై ఏళ్ళ ఆడమనిషి. చెప్పులు గుమ్మం బయట విప్పింది, మంచినీళ్ళు ఇస్తే తాగింది, ఎవర్నీ కసరలేదు. ఆవిడ చేతిలో ఓ ట్యాబ్. ఆవిడ లోపలికి రాగానే ఆయన మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి, పర్వాలేదు" అందావిడ.

"అన్నీ బాగున్నాయి మేడం. ఫిర్యాదులేమీ లేవు" అన్నాడాయన.

కత్తెరక్క అడ్డొచ్చింది. "అలా అంటారు గానీ మేడం, పోయిన వారం కూడా బాత్రూములో పడిపోయారు" అంది.

"మధ్యలో నువ్వు మాట్లాడకు" అన్నాడాయన. పదకొండేళ్ళలో ఆవిడ మీద గొంతు లేపడం అదే మొదటిసారి.

చొక్కా తొడుక్కుని చూపించమంది అధికారి. ఎడమచేత్తో ఆయన మొదలుపెట్టాడు. కుడిచెయ్యి చొక్కా చేతిలో దూరడానికే రెండు నిమిషాలు పట్టింది. నుదుటి మీద చెమట. గుండీ జారిపోతోంది, మళ్ళీ పట్టుకుంటున్నాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ కత్తెరక్క, ఒక్క గుండీ తప్పిపోతే బాగుండు దేవుడా అని లోలోపల మొక్కుకుంది. కట్టుకున్న మనిషి ఓడిపోవాలని మొక్కుకోవలసి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పక్కనున్న మెల్లగా అలవాటు కొద్దీ ఒకడుగు ముందుకి వేసి, అధికారిని చూసి ఆగిపోయాడు.

ఆరు గుండీలూ పడ్డాయి. తరవాత ఆయన నడిచాడు, తిన్నాడు, వెళ్ళొచ్చాడు. "ఒంటికాలి మీద నిలబడమంటారా మేడం?" అని కూడా అడిగాడు. అధికారి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నేళ్ళయిందో కత్తెరక్కకి గుర్తు రాలేదు.

వాకిట్లో ఆవిడ అధికారి వెంటపడింది. "ఇది ఇవాళ ఒక్కరోజు ముచ్చటండీ. రేపొచ్చి చూడండి."

"మీరు అబద్ధం చెప్తున్నారనుకోవట్లేదమ్మా. ఇంట్లోవాళ్ళ మాట రాయడానికి ఇందులో చోటే లేదు. చూసిందే రాయాలి" అని ట్యాబ్ చూపించింది. నిజంగానే లేదు. ఐదు ప్రశ్నలు, ఐదు టిక్కులు. తిట్టడానికి కూడా ఆవిడ చెడ్డమనిషి కాకపోయె.

సాయంత్రానికి ఆయనకి మూర్ఛ వచ్చింది. మూడు రోజులు మంచం దిగలేదు. మెల్లగాయే ముద్దలు కలిపి నోట్లో పెట్టాడు. కత్తెరక్క ఆఫీసుకి ఫోను చేస్తే, తనిఖీ నాటి పరిస్థితే చూస్తామన్నారు. ఇరవయ్యో రోజున కాగితం వచ్చింది. వచ్చే ఒకటో తారీఖు నుంచి సహాయకుడు రాడు. అభ్యంతరముంటే పదిహేను రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. "నా పనులు నేను చేసుకోలేను" అనే వాక్యం కింద మాజీ సైనికుడే సంతకం పెట్టాలి.

ఆయన పెట్టనన్నాడు.

"చేసి చూపించాను కదా. ఆవిడ చూసింది కదా. ఇప్పుడు చేసుకోలేనని రాస్తే అబద్ధమవదూ?"

కత్తెరక్క చెవినిల్లు కట్టుకుని పోరింది. బతిమాలింది, కసిరింది, ఒకపూట మాట్లాడ్డం మానేసింది. మెల్లగా కూడా "నా కోసమైనా పెట్టండి సార్" అన్నాడు. దొంగసంతకం పెడదామా అని కూడా ఆవిడకి తోచింది. విచారణకి మళ్ళీ ఎవరైనా వస్తే ఆయన మళ్ళీ లేచి నిలబడతాడు, అంతేగా.

గడువు ఇంకొక్కరోజు ఉందనగా ఆయనే కాగితం తెమ్మన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టి ఒక్కో అక్షరం చదువుకున్నాడు. కలం ఎడమచేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుని, కింద పెట్టేశాడు.

"ఇన్నేళ్ళలో నేను సరిగ్గా చేసింది ఆ ఒక్కరోజే" అన్నాడు. "అది కూడా కాదని రాయమంటావా?"

కత్తెరక్క కలానికి మూత పెట్టింది. కాగితం మడిచి బీరువాలో పెట్టింది. వదిలేసిందని ఆవిణ్ణి అనడం తేలికే. అప్పుడు ఆయన ముఖం చూసినవాళ్ళెవరూ అనలేరు.

ఒకటో తారీఖు నుంచి మెల్లగా రాలేదు. ఎనిమిదో తారీఖు పొద్దున ఆవిడ గ్యాస్ సిలిండర్ దగ్గర రెగ్యులేటరు ఊడదీసి సంచిలో వేసుకుంది. బాత్రూములో పాత పరుపు పరిచింది. మంచం పక్కన అన్నం గిన్నె, నీళ్ళు, ఫోను పెట్టింది. యజమాని వారం రోజులు ఆగాడు, ఇక ఆగనన్నాడు. గడప దగ్గర తాళం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆయన చొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు. మధ్యలో రెండు గుండీలు పెట్టుకోవడం మరిచిపోయాడు.

"నువ్వెళ్ళు. ఇంటికి నేనున్నానుగా" అన్నాడు.

ఆవిడ తలుపు దగ్గరికి వేసి, బయటినుంచి తాళం పెట్టి, ఒకసారి లాగి చూసుకుని బస్సుకి నడిచింది.