సైకిలు ట్యూబులో అనంతగిరి గాలి

పాపకు దగ్గు మొదలైనప్పుడు రెండేళ్లు కూడా నిండలేదు. తాండూరులో మా అత్తగారింటి ముందు జాగాలోనే మామగారు బండలు చెక్కించేవారు. గని నుంచి వచ్చిన బండల అంచులను పదిమంది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉలులతో సరిచేస్తుంటే, లేచిన తెల్లదుమ్ము మాకంటే ముందే ఇంట్లోకి వచ్చి కూర్చునేది. రోజూ మధ్యాహ్నానికి నా తల నెరిసేది, స్నానం చేస్తే మళ్లీ నల్లబడేది. అత్తమ్మ దాన్ని దుమ్ము అననిచ్చేది కాదు. "అది మన లక్ష్మి బిడ్డా. లక్ష్మిని గట్ల తిట్టొద్దు" అనేది. ఆ లక్ష్మిని రోజుకు నాలుగుసార్లు ఊడ్చేది మాత్రం నేనే.

హైదరాబాదులో సైన్సు చదివి వచ్చినదాన్ని కాబట్టి, పాప ఎన్నిసార్లు దగ్గిందో గోడమీది క్యాలెండరులో పెన్సిలుతో గీతలు పెట్టేదాన్ని. గీతలు ఆనాటి గడిలో పట్టక పక్కరోజులోకి పోయేవి. మా ఆయన చూసి, "రేపటి దగ్గు గూడ ఇయ్యాల్నే రాసినవా?" అన్నారు. ఆయన పెద్దేముల్ బడిలో పంతులు. రోజూ సైకిలు మీద వెళ్లివచ్చేవారు. నేను నవ్వలేదు. పాప ఎగశ్వాస పెడుతుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోయేది. అది చూసినవాళ్లకు నవ్వు రాదు.

వికారాబాదులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. పాప వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "మందు రాస్తాను గాని, దీనికి కావలసింది మంచి గాలమ్మా. ఒక నెల అనంతగిరిలో ఉంచండి" అన్నాడు.

ఇంటికి రాగానే పంచాయితీ మొదలైంది.

"అనంతగిరా!" అంది అత్తమ్మ. "దేశంల దగ్గేటోళ్లందరిని తెచ్చి ఆడనే పండవెట్టిన్రు గద! దగ్గు తగ్గాల్నని ఎవరన్న దగ్గు దవాఖాన కాడికి పోతరా?"

కొండ మీద క్షయ రోగుల ఆసుపత్రి ఉంది. "గాలి మంచిదనే అక్కడ కట్టిన్రత్తమ్మా" అన్నాను.

"గంత మంచిదైతే వాళ్లింక ఆడ ఎందుకున్నరు? ఇండ్లకు పోవద్దా?"



అప్పటిదాకా చుట్ట కాలుస్తూ కూర్చున్న మామగారు లేచారు. "పిల్ల పోవుడెందుకు? బొంరాస్‌పేట నుంచి కందులు తెస్తలేమా? గాలి గూడ గట్లనే తెద్దాం."

మేం నవ్వుతుండగానే ఆయన కొడుకు సైకిలు చక్రాలు ఊడదీశారు. ఆ రెండు ట్యూబులకు దుకాణం నుంచి మరో రెండు కలిపారు. వాటిలో తాండూరు గాలి చుక్క కూడా మిగలకూడదని నేల మీద పరిచి, చాప చుట్టినట్టు గట్టిగా చుట్టారు. మర్నాడు పంపు చంకన పెట్టుకుని ప్యాసింజరు ఎక్కి వికారాబాదు వెళ్లి, అక్కణ్ణించి జట్కాలో కొండకు చేరారు. సైకిలు లేక మా ఆయన ఎడ్లబండి ఎక్కి, మధ్యాహ్నం గంట కొట్టే వేళకు బడికి చేరారు.

సాయంత్రం మామగారు ఉబ్బిన ట్యూబులు నాలుగూ మెడలో వేసుకుని, సన్మానం చేయించుకుని వస్తున్నవాడిలా వచ్చారు.

"టీసీ ఏమన్నడో ఎర్కేనా? క్యా హై ఇస్ మే అన్నడు. హవా హై అన్న. హవా కిటికీల నుంచి మస్తు వస్తది గద అన్నడు. గది నీ ఇంజను పొగ, గిది అనంతగిరిది అన్న. తల గోక్కుంట పోయిండు."

"దగ్గేటోళ్ల గాలి కలువలేదు గద?" అంది అత్తమ్మ.

"దవాఖాన దిక్కు వీపు వెట్టి, గుడి ఎనక నిలవడి కొట్టిన. చేతులు వడిపోయినయ్."

అత్తమ్మ నాలుగింటికీ కుంకుమ బొట్లు పెట్టింది.

పొద్దున సగం ట్యూబు, సాయంత్రం సగం. నాలుగు రోజులకోసారి మామగారు మళ్లీ కొండకు పోయి నింపుకొచ్చేవారు. వచ్చిన గాలి బయటికి పోకుండా తలుపులూ కిటికీలూ మూసేవారు. పాపను ఒళ్లో పెట్టుకుని నేను కూర్చుంటే, మామగారు నోట్లో చుట్ట అట్లాగే ఉంచుకుని పాప ముక్కు దగ్గర వాల్వు విప్పేవారు. సుయ్‌మని రబ్బరు వాసన వచ్చేది. పాపకు చక్కిలిగింత పెట్టినట్టయి నవ్వేది, తర్వాత దగ్గేది. "చూస్తివా, లోపటిదంత బయటికొస్తున్నది" అనేవారాయన. అది ఉత్త గాలేనని నాకు తెలుసు. అయినా ఒక మధ్యాహ్నం పాప మరీ ఇబ్బంది పడుతుంటే, ఎవరూ చూడకుండా ఇంకో సగం ట్యూబు నేనే విప్పాను.

బండలు చెక్కేవాళ్లలో అందరికంటే పెద్ద ఒక తాత. ఆయన కనుబొమ్మలు కడిగినా తెల్లగానే ఉండేవి. ఒకరోజు మంచినీళ్లకని పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి, దగ్గు ఆగేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాడు. నీళ్లు తాగి, పోకుండా అక్కడే ఉన్నాడు.

"పటేలమ్మా, పిల్లకు సాలంగ మిగిల్తె... జర నాగ్గూడ..."

ట్యూబు తెచ్చి ఇచ్చాను. కళ్లు మూసుకుని పీల్చాడు.

"ఎట్లుంది తాతా?"

"సల్లగున్నది. సైకిలు వాసనొస్తున్నది. అనంతగిరిల సైకిళ్లు మస్తుగుంటయేమో." ఇంకోసారి పీల్చి అన్నాడు, "అమాసనాడు గూడ నాకు గిట్లనే సల్లగుంటది. పొద్దుందాక దగ్గు రాదు."

"అమాసనాడేమిటి?"

"అమాసకు మేం ఉలి వట్టం గదమ్మా."

లోపలికి పరుగెత్తి క్యాలెండరు చూశాను. అమావాస్య గుర్తు నల్ల సున్న ఉన్న గడిలో ఒక్క గీత. అంతకుముందు నెల నల్ల సున్న దగ్గర ఒక్కటీ లేదు. చుట్టుపక్కల గడులన్నీ గీతలతో నల్లబడి ఉన్నాయి. అమావాస్య మంచిది కాదని ఆ రోజు పాపను గడప కూడా దాటనివ్వకుండా, దిష్టి మీద దిష్టి తీస్తూ మేమంతా భయపడుతూ గడిపిన రోజులే అవి.

మామగారికి ఉన్నమాట చెప్పాను. బండల దుమ్ము వల్లనే దగ్గు అన్నాను.

"పదిహేనేండ్ల సంది గీ దుమ్ములనే కూసుంటున్న. నాకేమన్న అయ్యిందా?" అని ఆయన దగ్గడం మొదలుపెట్టారు. ఆ దగ్గు అయిపోయేదాకా నేనూ అత్తమ్మా ఆగాం. అయిపోయాక కూడా ఆయన మాట మారలేదు.

రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు తలుపు చాటున నిలబడి, "మామా, మీరు గంత కష్టపడి తెచ్చిన గాలి ట్యూబుల నుంచి రాంగనే దుమ్ముల కలుస్తున్నది. సగం ఆగమైతున్నది" అన్నాను.

"సగమా?"

"సగం కంటె ఎక్కువనే."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, ఎండపొడలో తేలుతున్న దుమ్మును చూశారు. పదిహేనేళ్లలో దాన్ని చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. "నేను పంపు కొట్టి సస్తుంటే గీ దుమ్ము తింటున్నదా!" అన్నారు. వారం తిరక్కుండా బండలూ మనుషులూ రైలుగేటు అవతల మా మెట్ట చెలకలోకి మారిపోయారు.

ఆ తర్వాత నెల క్యాలెండరులో ఏ రోజు అమావాస్యో గీతలను బట్టి చెప్పలేకపోయాను. అన్ని గడులూ ఒకేలా, దాదాపు ఖాళీగా ఉన్నాయి. అనంతగిరి గాలితో మనవరాలి దగ్గు పోగొట్టానని మామగారు బజారంతా చెప్పుకున్నారు. రెండు ట్యూబులు సైకిలుకు తిరిగొచ్చాయి. మా ఆయన కొన్నాళ్లు అనంతగిరి గాలి మీదనే పెద్దేముల్ వెళ్లారు.

ఒక నిండు ట్యూబు మిగిలితే చెలకకు పంపి తాతకు ఇప్పించాను. మొన్న పాపను అత్తమ్మకు అప్పగించి అక్కడికి వెళ్లాను. మా ఇంటి ముందు లేచిన దుమ్మే అక్కడా లేస్తోంది, పదిమందీ దాని మధ్యనే ఉన్నారు. ట్యూబు వేపకొమ్మకు వేలాడుతోంది. బిగువు తగ్గలేదు, దుమ్ముతో తెల్లగా మారింది.

"తాతా, ఇంకా విప్పలేదా?"

"ఇప్పితె ఒడిసిపోతది గదమ్మా. ఊపిరి ఆడనినాడు సూద్దామని వెట్టిన."

బండలను తడిపి చెక్కితే దుమ్ము లేవదు కదా అన్నాను. తాత నవ్వి, అక్కడ తాగేందుకే నీళ్లు కుండతో మోసుకొస్తున్నామన్నాడు.

ఇది రాస్తుంటే పక్కన పాప శబ్దం లేకుండా నిద్రపోతోంది. అయినా రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. పొద్దున మళ్లీ తలుపు చాటున నిలబడాలి. తడిపిన బండకు అంచు విరగదట మామా, ఒక నీళ్లబండి పెట్టించండి అని చెప్పాలి. తడిపితే అంచు నిజంగానే విరగదో లేదో నాకు తెలియదు. విరక్కపోతే బాగుండును.