కాసులమ్మ నిలబడిన రోజు

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధుల్లో మంచాన పడ్డవాళ్లున్న ఇళ్లన్నీ మరిడమ్మకు తెలుసు. ఆమెది పూడిమడక. సముద్రంలో వేటకెళ్లిన మొగుడు తిరిగి రాకపోతే, కొన్నాళ్లు ఎండుచేపల గంపతో బస్సెక్కి ఈ ఊళ్లో అమ్ముకుంది. ఒక వానాకాలం జ్వరంతో ఆసుపత్రి వరండాలో పడి ఉంటే, ఎవరో చర్చి ఆవిడ గంజి తాగించి, ఒళ్లు తుడిచి, తల దువ్వి వెళ్లింది. లేచి తిరగగలిగాక మరిడమ్మ ఆ చర్చికే వెళ్లింది. బాప్తిస్మమప్పుడు మరియమ్మ అని పేరు పెట్టారు. సంఘం పుస్తకంలో తప్ప ఆ పేరు ఎక్కడా అతకలేదు.

బోధించడం ఆమెకు రాదు. వాక్యం చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. అందుకని పాస్టర్ త్రినాధరావు ఆమెను రోగుల పరిచర్యకు పెట్టారు. పడకపుండ్లు పడ్డవాళ్లను పక్కకు తిప్పి, కడిగి, పొడిగా తుడిచి, మందు రాసి, బట్ట మార్చి వచ్చేది. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పేటప్పుడు మాత్రం ఆమె వంతు రాగానే, "దేవునికి స్తోత్రం" అని కూర్చునేది. చెప్పడానికి, ఆమె చూసుకున్నవాళ్లలో లేచి నడిచినవాళ్లు ఎవరూ లేరు.

కాసులమ్మది చెరకు రైతుల ఇల్లు. పక్షవాతంతో కుడి వైపంతా పడిపోయింది. నడుం కింద పుండు పడింది. కోడలు లోవలక్ష్మి అన్నం తినిపించేది, బట్టలు ఉతికేది, కానీ పుండు చూస్తే వాంతి చేసుకునేది. కొడుకు చంద్రమౌళి మొదటి రోజే మరిడమ్మకు చెప్పాడు.

"అప్పా, నువ్వు సేత్తన్నది పున్నెం. కాదనను. మా ఇంట్లో మతం మాటలు మాత్రం వద్దు."

"నాకు రావు బాబూ," అంది మరిడమ్మ.

కాసులమ్మకు కాలూ చెయ్యీ పడిపోయినా నోరు పడిపోలేదు.

"ఏటే మరిడీ, సేపను తోమినట్టు తోముతున్నావు?"

"సేపయితే నోరు మూసుకుంటాది పెద్దమ్మా."

కాసులమ్మ సగం మూతితో నవ్వేది. పుండు చుట్టూ చర్మం మెల్లగా గులాబీరంగుకు తిరిగింది.

ఒక రోజు కాసులమ్మే అడిగింది. "మీ పాస్టరు పార్దన సేత్తే లెగుత్తారంట కదే. ఓపాలి తీసుకురా. పెరట్లోకి నా కాళ్లతో నాను ఎల్లాల. కోడలి సేత ఎత్తించుకోవడం సావు కన్నా ఎక్కువగుంది."

లేవరని చెప్పాల్సింది. ఇక లేవదని డాక్టరు చెప్పడం మరిడమ్మ విన్నది. ముసలామె ముఖం చూసి చెప్పలేకపోయింది. పాస్టరుగారికి కబురు చెప్పింది.

చంద్రమౌళి చెరకు నరికించడానికి పొలం వెళ్లిన పూట పాస్టరుగారు వచ్చారు. వెంట ఇద్దరు యువకులు, మరొకతని చేతిలో ఫోను. ప్రార్థన మొదలైంది. గొంతు పెరిగింది. "విశ్వాసంతో లే తల్లీ!" అనగానే ఇద్దరూ చంకల్లో చేతులేసి కాసులమ్మను పైకెత్తారు. పాదాలు గచ్చుకు తగిలాయి.

"నిలబడ్డానే మరిడీ! సూడు, నిలబడ్డాను!"

మరిడమ్మ చీర వెనక వైపు చూస్తోంది. మానుతున్న పుండు చిట్లి, తడి మరక పెద్దదవుతోంది.

ఆ వీడియోకు 'పక్షవాతము పారిపోయెను' అని పేరు పెట్టారు. పాట కలిపారు. మళ్లీ పడుకోబెట్టిన ముక్క అందులో లేదు. మార్కెట్లో టీకొట్టు దగ్గర ఎవరో చంద్రమౌళిని ఆపారు.

"ఏటి మామా, మీయమ్మ పరుగుపందెంలో ఎప్పుడు దిగుతాది? పేరు ఏటి పెట్టేరు, మేరీయా?"

అందరూ నవ్వారు. మర్నాడు మరిడమ్మ వచ్చేసరికి గేటుకు తాళం ఉంది.

ఆమె రోజూ వచ్చి గేటు దగ్గర నిలబడేది. ఒక రోజు కిటికీలోంచి లోవలక్ష్మి గొంతు తగ్గించి చెప్పింది. "వాసనొత్తందప్పా. ఈగలు తోలలేకపోతన్నాను. ఆయన వేరే మనిషిని పెడతానంటాడు. వచ్చినోళ్లు ఓ పూట సూసి పారిపోతన్నారు."

ఆ శనివారం సాయంత్రం చంద్రమౌళి బండి ఆపుతుంటే మరిడమ్మ అడ్డం నిలబడింది.

"పార్దన సెయ్యను బాబూ. పాస్టరు పేరెత్తను. పుండు కడిగి ఎల్లిపోతాను."

"ఊరంతా నన్ను సూసి నవ్వుతోంది. అది కడగగలవా?" అన్నాడు. తరువాత ఫోను తీసి వీడియో పెట్టాడు. "అయితే జరిగింది జరిగినట్టు సెప్పు. ఇక్కడే."

మరిడమ్మ కొంగు సర్దుకుంది. "కాసులమ్మ పెద్దమ్మ నిలబడలేదు. ఇద్దరు పట్టుకున్నారు. డాక్టరు లెగదన్నాడు. ఇంక లెగదు."

"మీ పాస్టరు అబద్దం ఆడేడని సెప్పు."

"ఆడేడు."

ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"లోనికెళ్లనా?"

"రేపు రా. ముందు ఇది అందరికీ సేరనీ."

రాత్రికే చేరింది. పొద్దున చర్చి గుమ్మంలో పాస్టరుగారు ఆమెను పక్కకు పిలిచారు.

"ఏంటమ్మా ఇది? ఆమె పాదాలు నేలకు ఆనడం నిజం కాదా?"

"ఇద్దరు పట్టుకున్నారు కదండి."

"ఆ ఇద్దరినీ ఎవరు పట్టుకున్నారో మీకు కనబడలేదు. అదే అవిశ్వాసం. తప్పు ఒప్పుకొని సంఘం ముందు చెప్పండి."

మరిడమ్మ లోపలికి వెళ్లి తన వరసలో కూర్చుంది. అది నెల మొదటి ఆదివారం, అందరూ రొట్టె పంచుకునే ప్రభువు బల్ల రోజు. రొట్టె పళ్లెం వరస వెంట వచ్చింది. ఆమె చేయి చాపింది. పక్కనున్నావిడ పళ్లెం అందుకుని, ఆమె ఒడి మీదుగా దాటించి అవతలి చేతికిచ్చింది. అదే పళ్లెం నుంచి ఎన్నో ఏళ్లు పక్కపక్కన తీసుకున్నవాళ్లు. ఆఖరి పాట అవకముందే మరిడమ్మ లేచింది.

కాసులమ్మ ఇంటి గేటు తీసే ఉంది. చంద్రమౌళి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. "ఎల్లు అప్పా. నాను మాట తప్పను," అన్నాడు. గదిలో వాసన గొంతుకు అడ్డం పడింది. కాసులమ్మ గోడ వైపు తిరిగి ఉంది.

"పెద్దమ్మా, నానే."

"తెలుసు. మావోడు ఫోనులో సూపించేడు. నాలుగుసార్లు పెట్టించుకుని ఇన్నాను. నాను ఇంక లెగనంట కదే."

మరిడమ్మ పుండు కడిగే గిన్నె కింద పెట్టింది.

"అంతమంది ముందర సెప్పేవు. నిలబడ్డానే, గచ్చు సల్లగా తగిలింది నాకు. ఆ ఒక్కటీ పట్టుకుని ఇన్ని రోజులూ ఈ కంపులో పడున్నాను. నిన్నెవులు సెప్పమన్నారే?"

"సెప్పకపోతే రానివ్వనన్నాడు పెద్దమ్మా."

"రాకపోతే పోయేది! పుండు కడగడానికా నువ్వు నాకు? కుళ్లనీ. ముట్టుకోకు నన్ను."

లోవలక్ష్మి వేడినీళ్లు తెచ్చి గుమ్మంలోనే పెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. మరిడమ్మ నీళ్లు అందుకుని మంచం మీదకు వంగింది. కాసులమ్మ ఎడమ చేతిని వెనక్కి విసిరి కొట్టింది. ఒక దెబ్బ మరిడమ్మ చెంప మీద తగిలింది. "పోవే, పో," అంటూ మళ్లీ కొట్టబోయింది. మరిడమ్మ ఆ చేతిని పట్టి, మోకాలి కింద నొక్కిపెట్టి, పుండుకు అంటుకుపోయిన గుడ్డను తడిపి లాగడం మొదలుపెట్టింది.