యానిమడ్వర్షన్‌కు నేను చెప్పిన అర్థం

ఒక ఇంగ్లీషు మాటను ఇన్నేండ్ల సంది లోపల మోస్తున్న. ఇంట్ల ఆమెకు గూడ చెప్పలే. నేనెవరో నీకు తెల్వది. గందుకే నీకు చెప్తున్న.

అరవైల ఆఖరున ఒక సర్కారు కార్ఖానా ఆఫీసుల గుమాస్తాగ చేస్తుంటిని. పక్క కుర్చీల యాదగిరన్న. మొఘల్‌పురాల ఉండేటోడు. ఫైలు కట్టుడు కాన్నుంచి పెద్దసారు ముందట నిలబడుడు దాక నాకు నేర్పింది ఆయననే. ఉర్దూల చదువుకున్నోడు, ఉర్దూ రాస్తే ముత్యాలే. ఇంగ్లీషంటేనే బెదురు.

ఆ ఏడు హెడ్‌క్లర్కు జాగ ఖాళీ అయ్యింది. వరుసల ఆయన ముందు, ఆయన ఎన్క నేను. గప్పుడే, భార్యను దవాఖానల ఏసుకొని తిరుగుతుంటే, ఆయన రిజిస్టర్లు ఆలస్యమైనయి. పెద్దసారు మెమో రాసిండు: మీ పని యానిమడ్వర్షన్‌కు తగినది. టైపు కొట్టింది నేనే. మాట తెల్వక డిక్షనరీ చూసిన. లాటిన్ల దానికి మనసు అటు తిప్పుడని అర్థమట. రోమన్ల కాలంలనే శిక్ష ఏసుడు గూడ అయ్యిందట. ఇప్పుడైతే గట్టిగ తప్పు పట్టుడు.

యాదగిరన్న కాయితం పట్టుకొని నా దగ్గరికే వచ్చిండు.

"తమ్మీ, సంతకం అడుగుతున్రు. గీ మాటకు మత్లబ్ ఏంది? మంచిదా, చెడ్డదా?"

"మనసు పెట్టుడన్నా. సారు నీ పని మీద మనసు పెట్టిండు."

"నా మీదనా!"

అబద్ధమాడిన్నా? డిక్షనరీల ఉన్నదే గద చెప్పిన? గిట్ల నన్ను నేను ఎన్నిసార్లు సముదాయించుకున్ననో! మొదటి అర్థం చెప్పి ఆఖరుది మింగుడు అబద్ధం కంటె నీచం. ఆయన సంతకం పెట్టిండు. జవాబిచ్చుకోనీకె వారం గడువుండె. దవాఖాన చీటీ ఒక్కటి చూపెడితే మెమో వాపసయ్యేది. ఆయనేమో పత్తర్‌గట్టికి పోయి మిఠాయి తెచ్చి ఆఫీసంత పంచిండు. నేను గూడ తిన్న. అందరు ఎందుకు నవ్వుతున్రో ఆయనకు సమజ్ కాలే.

గడువు దాటింది, మెమో ఆయన మీద నిలిచింది, హెడ్‌క్లర్కు కుర్చీ నాకొచ్చింది. అసలు అర్థం ఆయనకు ఎవరో తర్వాత చెప్పిన్రు. లొల్లి చేస్తడనుకున్న. నా భుజం మీద చెయ్యేసి, "పాపం, నీకు గూడ తెల్వకపాయె తమ్మీ" అన్నడు. నేను తల ఊపిన.

గుమాస్తాగనే రిటైరైండు. పోయినేడు సచ్చిపోయిండు. ఇగ మాఫీ ఎవరిని అడగాలె? అడిగే మొకం గూడ లేదు. గీ ఒక్క మాట మాత్రం రాయనియ్యి.

నాకు తెలుసు యాదగిరన్నా. తెలిసే గట్ల చెప్పిన.