సిమెంటు వినాయకుడు

ఆ రోజుల్లో కొత్తగా సింగపూర్ వచ్చిన మాలాంటి సాఫ్ట్‌వేర్ పిల్లలకు రెండే భయాలు. ఒకటి ఉద్యోగం పోతుందని, రెండోది జరిమానా పడుతుందని. (నాకు మూడోది కూడా ఉండేది, లిఫ్టు. దాని సంగతి వదిలేయండి.) కంపెనీలు పిలిచి మరీ ఉద్యోగాలిస్తున్న కాలం అది. అయినా ప్రొబేషన్‌లో ఉన్న నేను మాత్రం రోడ్డు మీద గట్టిగా తుమ్మితే ఎవరైనా రాసుకుంటారేమోనని చుట్టూ చూసేదాన్ని. ఇల్లు జురాంగ్ వెస్ట్‌లో, ఆఫీసు చాంగీలో. రోజూ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు రైల్లో నిలబడి వెళ్ళి రావడంతోనే వారం గడిచిపోయేది. కాస్త గాలి, నలుగురు మనుషులు ఉంటారు కదా అని శనివారాలు ఇంటి దగ్గరి చెరువు గట్టున ఉన్న చేపల క్లబ్బులో చేరాను.

క్లబ్బుకు పెద్ద ఒక చైనీస్ అంకుల్. రిటైరైన టాక్సీ డ్రైవరు. పొడుగాటి కర్రకు కట్టిన వల ఎప్పుడూ చేతిలో ఉండేది కాబట్టి నేనూ నా రూమ్మేటూ ఆయన్ని వల అంకుల్ అనుకునేవాళ్ళం. మా టీషర్టుల మీద చుక్కల ట్రౌట్ చేప బొమ్మ ఉండేది. అది చన్నీళ్ళ చేప, మా చెరువులో వదిలితే సూప్ అయిపోతుంది. ఏదో కేటలాగులో బొమ్మ బాగుందని ఆయన వేయించేశారు. పట్టిన చేపను కొలిచి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేయాలి. తర్వాత గంటసేపు చెరువు శుభ్రం చేయాలి. చేపను ముట్టుకోమంటే నేను కెవ్వుమన్నానని నాకు పుస్తకం అప్పగించారు, నీళ్ళలోంచి వచ్చిన చెత్తంతా రాయడానికి. చెప్పులు ఆరు, సగం గొడుగు ఒకటి, ఇలా. ఆఫీసులో కంటే అక్కడే ఎక్కువ శ్రద్ధగా పనిచేసేదాన్ని.

ఆదివారాలు ఆ గట్టునే ఒక చెట్టు నీడన ఐదారుగురు మనవాళ్ళు కూర్చునేవారు. బిల్డింగు పనులకు వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళు. వారానికి ఆ ఒక్క పూటే వాళ్ళది. ఇళ్ళకు ఫోన్లు, పేకాట, కాసేపు కునుకు, అన్నీ అక్కడే. అందులో శ్రీకాకుళం వైపు అన్న ఒకడు నన్ను చెల్లమ్మా అని పిలిచేవాడు. వినాయక చవితికి మట్టి ప్రతిమ దొరకడం లేదని అతడి దగ్గర వాపోతే, పునాదులు తవ్విన మట్టి తెచ్చి తనే చేసిచ్చాడు.

"తొండం రెండుసార్లు ఊడిపోనాది చెల్లమ్మా. అందుకే గుప్పెడు సిమెంటు కలిపేసినాను. ఇంక ఊడితే నన్నడుగు."

ఊడలేదు. మూడో రోజు సాయంత్రం స్వామిని ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, నేనూ రూమ్మేటూ ఇద్దరు దొంగల్లా చెరువుకు వెళ్ళాం. చెరువులో ఏమీ వేయకూడదని నాకు తెలియదా? వారం వారం పుస్తకంలో రాసేదాన్ని నేనే కదా. "మట్టే కదవే, కరిగిపోతుంది" అంది రూమ్మేటు. గుప్పెడు సిమెంటు సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. మెల్లగా జై కొట్టి వదిలాం. గుభేలుమని మునిగాడు.

ఆ శనివారమే స్వామి వల అంకుల్ వలలో పడ్డాడు. తొండం, బొజ్జ, చిరునవ్వు, దేనికీ వంక లేదు. అంకుల్ రెండు చేతులా ఎత్తి, తన తువ్వాలు మడిచి దాని మీద కూర్చోబెట్టి, "ఎవరి దేవుడమ్మా?" అని నన్నే అడిగారు. జరిమానా, ఆ తర్వాత వీసా, ఆ తర్వాత కాకినాడలో మా నాన్న మొహం వరసగా కనిపించాయి. ఇంతలో క్లబ్బు ఆంటీ ఒకావిడ ప్రతిమను గీకి చూసి, "సిమెంటు లా! సండే వర్కర్స్ పనే" అంది. (ఆ 'లా' సింగపూర్ వాళ్ళ ఊతపదం.) నేను తల వంచుకుని పుస్తకంలో రాశాను: విగ్రహం, ఒకటి.

మర్నాడు అంకుల్ ప్రతిమను తీసుకుని చెట్టు దగ్గరికి వెళ్ళారు. అక్కడివాళ్ళకు ఇంగ్లీషు అర్థం కాకపోతే చెప్పడానికి నన్నూ రమ్మన్నారు. నా అవసరం పడలేదు. అన్న ప్రతిమను చూశాడు, నన్ను చూశాడు. "ఐ మేక్, అంకుల్. సారీ" అన్నాడు. అతడు ఒక్క అబద్ధమూ ఆడలేదు. నేనూ ఆడలేదు, అసలు నోరే తెరవలేదు. అంకుల్ తిట్టలేదు, కానీ మరుసటి వారానికి చెట్టుకు ఆయనే రాసిన రేకు బోర్డు వేలాడుతోంది, ఇక్కడ కూర్చోవద్దని. ఆ ఆదివారం నేను పులిహోర చేసుకుని వెళ్ళాను. నీడ ఉంది, మనుషులు లేరు. ఏ డార్మిటరీలో ఉంటాడో అడుగుదామంటే, అన్న పేరేమిటో కూడా నాకు తెలియదని అప్పుడు తెలిసింది.

ఇదంతా నాకు పెళ్ళయి పాప పుట్టాక గానీ చెప్పలేకపోయాను. దానికి ఐదో నెల వచ్చినప్పుడు ఎత్తుకుని వెళ్ళి, వల అంకుల్ ముందు నిలబడి మొత్తం కక్కేశాను. ఆయన చేతిలోని వల కింద పెట్టేశారు.

"అంటే, నేను తప్పు మనిషిని తరిమానన్నమాట."

"సారీ, అంకుల్."

"ఇప్పుడెందుకు చెప్పావు లా? ఇన్నాళ్ళూ నీ ఒక్కదానికే నిద్ర లేదు. ఇప్పుడు నాకూ ఉండదు."

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. లేచి వెళ్ళి బోర్డు తీగలు విప్పి, రేకు చంకలో పెట్టుకుని వచ్చారు. ముగ్గురం ఆ చెట్టు కింద ఎండ తగ్గేదాకా కూర్చున్నాం. ఎవరూ రాలేదు. ఎలా వస్తారు? పెట్టిన బోర్డును అందరూ చదువుతారు గానీ, తీసేసిన బోర్డును ఎవరు చదువుతారు?

పాప పడుకున్న ఈ వేళ అప్పటి నన్ను నాలుగు దులుపుదామనే కాగితం తీశాను. తీరా తలుచుకుంటే, దేవుణ్ణి ల్యాప్‌టాప్ సంచిలో దాచుకుని, తుమ్ముకు కూడా జడుస్తూ నడిచిన ఆ పిల్లను చూస్తే నవ్వే వస్తోంది. నవ్వుకుంటాను సరే. క్షమించమని అడగాల్సిన మనిషిని మాత్రం ఏ పేరుతో పిలవాలో నాకు ఇప్పటికీ తెలియదు.